చేనికి పోయిన పిల్లలబడి

శ్రావణమాసం, రెండో బుధవారం, పొద్దున అయిదున్నర గంటలు. అరవైల మొదట్లో మాట. ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది, పడమటి గాలి అప్పటికే లేచింది. మా ఊరి చెన్నారెడ్డి వేరుశనగ చేను గట్టున, చింతచెట్టు కొమ్మకు మొదటి ఉయ్యాల కట్టాను. కాగితాల ప్రకారం నా ఉద్యోగం అంతకు ముందు ఏడాదే మొదలయింది. నేను మాత్రం ఆ బుధవారం నుంచే లెక్కేసుకుంటాను. అంతకు ముందు నేను చేసిందల్లా గది తాళం తీయడం, గది తాళం వేయడం.

ఇప్పుడు అంగన్‌వాడీల్లో చేరే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. పాటలు, బొమ్మలు, ఆటల గురించి చెబుతాననుకుంటారు. నేను మొదలుపెట్టేసరికి కొందరి ముఖాలు వాడిపోతాయి. అందుకే కూర్చోబెట్టి చెప్పడం మానేసి రాస్తున్నాను. నచ్చనివాళ్ళు పేజీ తిప్పేసుకోవచ్చు, నా ముందు మొహమాటానికి తల ఊపే పని ఉండదు.

పని అంటే ఏమిటి

పిల్లలను చూసుకోవడం అంటే ముక్కు తుడవడం, ముడ్డి కడగడం, కొట్టుకుంటే విడదీయడం, నిద్రపోయిన బిడ్డ మీద ఈగ వాలకుండా చూడడం. పాట ఆ తర్వాత. ఇదంతా చేసినా సగం పనే అయినట్టు. తక్కిన సగం తల్లితో ఉంటుంది. చేనులో కొడవలి పట్టుకుని కూడా ఆమె వెనక్కి వెనక్కి చూస్తోందంటే మనం బిడ్డను ఎంత బాగా చూసుకున్నా లాభం లేదు.

నేను కూలి ఇంట్లో పుట్టాను. మా ఊరు బెళుగుప్పకు పడమట. మా గేరి, అంటే మా వాడ, ఊరికి దక్షిణాన, వంక అవతల. సగం ఇళ్ళల్లో గోడకు సిలువ ఉండేది, సగం ఇళ్ళల్లో సుంకులమ్మకు దీపం పెట్టేవాళ్ళు, కొన్ని ఇళ్ళల్లో రెండూ ఉండేవి. నా పిల్లలిద్దరినీ చేలగట్ల మీదే పెంచాను. పాకే వయసు వచ్చాక కాలికి గుడ్డపేలిక కట్టి, రెండో కొస పొదకు కట్టేవాళ్ళం. లేకపోతే పాక్కుంటూ పోయి ఎద్దుల కాళ్ళ కింద పడతారు. అది కూడా కుదరని తల్లులు పాలలో ఇంత నల్లమందు రంగరించి పోసేవాళ్ళు. బిడ్డ మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. కొన్నిసార్లు సాయంత్రమైనా కదిలేది కాదు, అప్పుడు తల్లి గుండెలు బాదుకునేది.

కొత్తగా చేరినవాళ్ళు ఇది వినగానే ఆ తల్లులను తిడతారు. తిట్టకండి. బిడ్డను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి దొరికితే ఏ తల్లీ ఆ పని చెయ్యదు. నా ఉద్యోగమంతా ఆ ఇంకో చెయ్యి ఇవ్వడమే. మీ ఉద్యోగమూ అంతే, మీకు ఎవరు ఏమి చెప్పినా సరే.

గది, బోర్డు, పది గంటలు

బ్లాకు ఆఫీసు వాళ్ళు మా ఊరికి బాలవాడి ఇచ్చినప్పుడు చెన్నారెడ్డి తన పాత ధాన్యం గది ఇచ్చాడు. సున్నం కొట్టించారు, బోర్డు తగిలించారు. పొద్దున పది గంటలకు తెరవాలి, ఒంటిగంటకు మూయాలి, మూడేళ్ళు దాటిన పిల్లలనే తీసుకోవాలి. అదీ నియమం.

గ్రామసేవికగా వచ్చిన వసుంధర గారు కృష్ణా జిల్లా పిల్ల. ఇరవై దాటి ఒకటో రెండో ఉంటాయేమో. ఆమె "వచ్చారా, తిన్నారా" అని సాగదీస్తే మా ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమెకు కోపం వచ్చేది కాదు. నవ్వితే నవ్వండి గానీ పిల్లల్ని మాత్రం పంపండి అనేది. గది ఊడ్చి, నీళ్ళు తెచ్చి, గంజి కాచడానికి ఒక ఆడమనిషి కావాలని కలుపు కూలికి పోయే నన్ను పెట్టుకుంది. నన్నే ఎందుకని అడిగాను. "ఈ ఊళ్ళో నా మొహం మీద నిజం చెప్పింది మీరొక్కరేనండీ" అంది. నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆమే.

పిల్లలు వెళ్ళిపోయాక మధ్యాహ్నం నా ముందు పలక పెట్టేది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట, గుమ్మం మీద రాసి ఉన్న చెన్నారెడ్డి పేరు. చదివాక కొంచెం చప్పబడ్డాను. ఆ గది ఎవరిదో నాకు ముందే తెలుసు కదా.

ఆ గదికి ఎవరు వచ్చేవాళ్ళు? అంగడి శెట్టి మనవడు, కరణంగారి పిల్లలు, నడివీధిలో అవ్వలు ఉన్న ఇళ్ళ పిల్లలు. అంటే ఇంట్లో చూసుకునే దిక్కు ఉన్నవాళ్ళే. వాళ్ళు కూడా నేను కాచిన గంజి ముట్టకూడదని ఇంట్లో తినే వచ్చేవాళ్ళు. మా గేరి నుంచి ఒక్కరూ రాలేదు. గేరి వాళ్ళకు పిల్లల మీద శ్రద్ధ లేదని ఊళ్ళో అనుకున్నారు. వసుంధర గారు మాత్రం అడిగి తెలుసుకుందాం పదమని నన్ను వెంటబెట్టుకుని పోయింది.

మొదట తిమ్మక్క ఇంటికి పోయాం. తిమ్మక్క నాకు వరసకు చెల్లెలు. మొగుడు బళ్ళారి వైపు రాళ్ళు కొట్టే పనికి పోయి పండగకో పబ్బానికో వచ్చేవాడు. కూతుళ్ళు ఇద్దరు, ఎనిమిదేళ్ళ గంగ, దాని చంకలో ఆరేడు నెలల రూతమ్మ. తిమ్మక్క పొయ్యి ముందు నుంచి లేవనైనా లేవలేదు.

"పది గంటలకు తెరుస్తారంట కదా మీ బడి. మేము తెల్లారేతలికే చేనులో ఉంటాం. అంతదాకా నా బిడ్డను మీ బోర్డు ఎత్తుకుంటాదా?"

వసుంధర గారు తిరిగి వచ్చే దారిలో, రేపటి నుంచి కోడి కూయగానే తాళం తీయమని నాతో చెప్పింది. పై వాళ్ళను అడగాలి కదా అన్నాను. అడిగితే వద్దంటారు, అప్పుడు తీయలేమని చెప్పింది. నాకు ఆ మాటతో ఆమె మీద గురి కుదిరింది.

చంటిబిడ్డలు

తెల్లవారుజామున తెరిచేసరికి మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు గేరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనకే అక్కల చంకల్లో చంటిబిడ్డలూ వచ్చారు. నియమం ఒప్పుకోదు. అయినా తీసుకున్నాం. వాళ్ళను కాదంటే అక్కలు కూడా గుమ్మంలోనే నిలబడిపోతారు, బడి ముఖం చూడరు.

మూడు రోజుల్లో చంటిబిడ్డలు మళ్ళీ మాయమయ్యారు. మేము అనుకోనిది ఒకటుంది, పాలు. చేలు ఊరికి రెండు మైళ్ళు. ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తే రొమ్ముకు అలవాటైన బిడ్డ ముఖం తిప్పేసుకుని గుక్కపెట్టేది. అక్కడ చేనులో తల్లికి రవిక తడిసిపోయేది. పనిలోంచి పరుగెత్తుకు వచ్చి, పాలిచ్చి, మళ్ళీ పరుగెత్తితే సగం పొద్దు పోయేది. దానికంటే బిడ్డను పొద కింద పడుకోబెట్టుకోవడమే నయమని తీసుకుపోయారు. గది తెరిచిన మేము, గది ఇచ్చిన రెడ్డి, సంతోషించిన తల్లులు, అందరం అదే పొరపాటు పడ్డాం. పిల్లలబడి అంటే నాలుగు గోడలు అనుకున్నాం.

అదే వారం వాన పడింది. వేరుశనగలో కలుపు తీసే అదును ఎక్కువ రోజులు ఉండదు. తీసేటప్పుడు ఆడవాళ్ళంతా ఒక వరసగా నిలబడి, తలా రెండు సాళ్ళు పట్టుకుని, ఒకే ఊపున ముందుకు సాగుతారు. దాన్ని మేము మునుము అంటాం. ఒకరు ఆగితే వరస వంకర పోతుంది, పక్కవాళ్ళ చేతులు కూడా నెమ్మదిస్తాయి. తిమ్మక్క బిడ్డకు పాలిచ్చి వచ్చేసరికి ఆమె సాళ్ళు రెండూ గడ్డితో వెనక మిగిలిపోయి ఉండేవి. కూలి గుంపును నడిపే మేస్త్రి ఓబులప్ప రెండుసార్లు చూశాడు, మూడోసారి చెప్పేశాడు.

"బుధవారం నుంచి బిడ్డ లేకుండా వస్తే రా, ల్యాకపోతే ఇంటికాడనే ఉండు. నీ కోసరం మునుము ఆపేదానికి ఇది మీ పుట్టింటి చేను కాదు."

కలుపు కూలితో వచ్చే రాగులు ఆ ఇంటికి కోతల దాకా తిండి. అవి లేకపోతే తిమ్మక్క కూడా పిల్లలను తీసుకుని బళ్ళారి రాళ్ళ గనులకు పోవాల్సిందే. పోయిన ఏడాది అలా పోయిన ఇల్లు మా గేరిలో ఇంకా తలుపు తీయలేదు. ఆమె సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూర్చుంది. గంగ దగ్గర వదలకూడదా అన్నాను, బుద్ధి లేక. "వదుల్తా. పాలు యాడినుంచి తెస్తాది గంగ?" అంది.

మర్నాడు వసుంధర గారికి చెబితే, ఆమె పలక మీద ఏదో గీస్తూ గీస్తూ ఆగి, బిడ్డలు బడికి రాలేకపోతే బడే చేనికి పోతే ఏమవుతుంది అంది. నేను ఒప్పుకోలేదు. నాతో వచ్చిన తిమ్మక్క అసలే ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళకు మా పిల్లలకు గోడ, కప్పు దొరికితే మళ్ళీ ఎండలోకి పొమ్మనడం ఏమిటని మాకు రోషం.

"చెట్టుకింద పండబెట్టేదానికి గవర్మెంటు యాలమ్మా? చెట్టు మాకు ముందునుంచీ ఉండాది" అంది తిమ్మక్క.

"చెట్టుంది. చెట్టు కింద మనిషే లేదు" అంది వసుంధర గారు.

చదువుకున్నవాళ్ళ మాటలు నాకు చాలావరకు గుర్తుండవు. ఇది మాత్రం ఉండిపోయింది.

రెడ్డి ఇంటి అరుగు మీద

మంగళవారం పొద్దున చెన్నారెడ్డి దగ్గరికి పోయాం. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తల్లి ఎల్లమ్మవ్వ గోడకు ఆనుకుని చింతపండులో గింజ తీస్తోంది. వసుంధర గారు బిడ్డల ఆరోగ్యం గురించి చాలాసేపు చెప్పింది. బాగా చెప్పింది. రెడ్డి వీధిలో పోయే ఎద్దులను చూస్తూ విన్నాడు.

"గది ఇస్తిని, సున్నం కొట్టిస్తిని. ఇంక చేను కూడా కావల్లనా మీకు?" అన్నాడు. "పామో తేలో కరిస్తే పంచాయితీ నా ఇంటికాడ పెడతారు. పనిచేసే చోట పిల్లలేందమ్మా."

నేను ఏదో అనబోతే వసుంధర గారు చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఎల్లమ్మవ్వ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఒరే చెన్నా, వాన నీ ఒక్కని చేనులోనే పడిందేమిరా? గడ్డి అందరికీ మొలిచింది. ఆడోళ్ళు అందరికీ కావల్ల. పక్కూరోడు కూలి ఎక్కువిస్తానంటాండాడంట. నువ్విస్తావా?"

రెడ్డి మళ్ళీ ఎద్దుల వైపు తిరిగాడు. అవ్వ వదల్లేదు.

"బిడ్డను చూసుకునే చేనికి పాలిచ్చే తల్లి ముందు వస్తాది. దానికి నీకు ఖర్చయ్యేది ఇంత నీడ."

రెడ్డి నవ్వాడు. ఆ నీడ చింతచెట్టుది, నాది కాదు, పెట్టుకోపొండి అన్నాడు. మేము లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచి, మునుము మాత్రం వంకర పోగూడదు, అది ఓబులప్పతో మీరే తేల్చుకోండి, నేను అందులో తలదూర్చను అన్నాడు.

అంటే సగమే గెలిచాం. చెట్టు దొరికింది. తిమ్మక్క సాళ్ళ సంగతి అలాగే ఉంది.

నా ఉద్యోగంలో నేను చూసింది ఇది. డబ్బున్నవాళ్ళను జాలి చూపించి ఒప్పించాలని చూడకండి. జాలి సాయంత్రానికి ఆరిపోతుంది. వాళ్ళకు ఏమి లాభమో చెప్పండి, ఆ లాభం నిజమైనదైతే వాళ్ళే మీకు కాపలా కాస్తారు.

ఆ బుధవారం

చెట్టు కింద ముళ్ళు ఏరి, ఊడ్చి, వేపాకు పొగ వేశాను. పాత చీరలతో ఉయ్యాలలు కట్టాం. కాస్త పెద్దపిల్లలకు గోనెపట్టా పరిచాం. కుండలో నీళ్ళు, ఇంకో కుండలో రాగి అంబలి. గాలికి ఖాళీ ఉయ్యాలలు వాటంతట అవే ఊగుతుంటే, చెయ్యి నొప్పి పుట్టకుండా జీతం దొరికింది నీకు అని తిమ్మక్క నన్ను ఎగతాళి చేసింది. ఎగతాళి చేస్తూనే రూతమ్మను మూడుసార్లు ఉయ్యాల్లో పెట్టి మూడుసార్లు ఎత్తుకుంది.

గేరి వాళ్ళంతా పడమటి కొమ్మకు కట్టుకున్నారు. నడివీధి ఈరమ్మ కూడా కొడుకు నాగరాజుతో వచ్చింది. వాళ్ళకు నాలుగెకరాల మెట్ట ఉంది. వరసగా రెండేళ్ళు పంట పోయి విత్తనపు కాయలు కూడా తినేశారు. కూలికి రావడం ఆమెకు అదే మొదటిసారి. ఎవరి ముఖమూ చూడకుండా చెట్టు అటుపక్కకు పోయి, తూర్పు కొమ్మకు తన ఉయ్యాల ఒక్కటే కట్టుకుంది. ఆమె కట్టుకున్న తీరు చూసి అందరికీ అర్థమయింది. అలాంటివి మాకు కొత్తా?

చేను చెట్టుకు పడమట. గాలీ పడమటిది. అందుకని బిడ్డ ఏడుపు మునుము దాకా పోదు. మొదట ఒక బిడ్డ లేచి ఏడిస్తే నేను గట్టు ఎక్కి చెయ్యి ఊపాను. మునుము మొత్తం లేచి నిలబడింది. ప్రతి తల్లీ తన బిడ్డే అనుకుంది. ఇద్దరు కొడవళ్ళు పారేసి పరుగెత్తుకొచ్చేశారు, వాళ్ళ బిడ్డలు హాయిగా నిద్రపోతున్నారు. ఓబులప్ప గట్టు దాకా వచ్చాడు.

"ఏమక్కా, ఒక బిడ్డ ఏడిస్తే ఊరంతా లేస్తాదా? ఇట్లయితే దీపావళికి గూడా తీరదు కలుపు."

ఆ మాట నిజమే. లింగమ్మ అని నెలన్నర బాలింత, తన పాతచీర అంచు చింపి నా చేతిలో పెట్టింది. నా బిడ్డ లేస్తే ఇది ఎత్తు, నేనే వస్తా, తక్కినోళ్ళు వంగుకోనుంటారు అంది. వెంటనే అందరూ తలా ఒక పేలిక చింపి ఇచ్చారు. పొడుగాటి కట్టెకు ఎవరి గుడ్డ కడితే వాళ్ళే రావాలి. తిమ్మక్కది ముదురెరుపు. ఈరమ్మ కొంచెం ఆగి, పసుపుపచ్చ పేలిక ఒకటి తెచ్చి నా చేతికివ్వకుండా కుండ మీద పెట్టి పోయింది.

పొద్దు ఎక్కేకొద్దీ తూర్పు కొమ్మ కిందికి ఎండ దూరింది. నాగరాజు ముఖం మీద పడుతోంది. ఆ ఉయ్యాల నేను ముడితే ఏమంటుందోనని పసుపు గుడ్డ ఎత్తాను. ఈరమ్మ వచ్చింది, ఎండను చూసింది, చెట్టు చుట్టూ చూసింది. నీడ ఉన్నది ఒక్క పడమటి పక్కనే. ముడి విప్పి తెచ్చి, అక్కడ మిగిలిన ఒకే ఒక్క చోట కట్టింది. అది రూతమ్మ ఉయ్యాల పక్క చోటు. వెంటనే పనికి పోయింది.

పది గంటలప్పుడు రూతమ్మ లేచింది. ఎర్ర గుడ్డ ఎత్తాను. తిమ్మక్క వచ్చి బిడ్డను ఒళ్ళో వేసుకుంది. మునుము అప్పటికి చేను అవతలి కొసకు పోతోంది, ఆమె సాళ్ళు మాత్రం నడిమధ్యలో ఆగిపోయాయి. ఓబులప్ప ఆ సాళ్ళ దగ్గర నిలబడి చెట్టు వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాగరాజు లేచాడు. పసుపు గుడ్డ ఎత్తాను. ఈరమ్మ అందరికంటే దూరపు కొసలో ఉంది, వంగి ఉంది, చూడలేదు. ఊపాను. చూడలేదు. ఎత్తుకుని భుజాన వేసుకుంటే వాడు నా రవికను వెతుక్కుని, ఏమీ దొరక్క, ముఖం కందిపోయేలా ఏడుస్తున్నాడు.

రూతమ్మ తాగి వదిలేసింది. తిమ్మక్క నా వైపు చూసింది.

"ఇయ్యనా అక్కా?"

మా ఊళ్ళో నేను పట్టిన కుండ నీళ్ళు తాగని ఇంటి బిడ్డ వాడు. గేరి ఆడది పాలిచ్చిందంటే సాయంత్రానికి ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. పక్కనే పిల్లలతో కూర్చున్న వసుంధర గారు కూడా లేచి నిలబడింది. తిమ్మక్క నా జవాబు కోసం ఆగలేదు. చేతులు చాపి వాణ్ణి తీసుకుంది. ఏడుపు తెగినట్టు ఆగిపోయింది.

అప్పుడు ఈరమ్మ చూసింది, గుడ్డను. సాళ్ళకు అడ్డంగా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనకే ఓబులప్ప. దూరంగా మునుము మొత్తం నడుములు ఎత్తి చూస్తోంది. తిమ్మక్క తల ఎత్తలేదు, బిడ్డను తీయనూ లేదు. నాగరాజు పిడికిట్లో ఆమె పూసలదండ పట్టుకుని తాగుతున్నాడు.

"తిమ్మక్కా, నీ సాళ్ళు యాడుండాయో చూసుకున్నావా?" అన్నాడు ఓబులప్ప. "నేను ముందే చెప్పినా. ఇంక నువ్వు ఇంటికి పో."

ఈరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కొడుకును చూసింది. తర్వాత ఓబులప్ప వైపు తిరిగింది.

"ఏమప్పా, యాల అరుస్తాండావు? తాగే బిడ్డ ఉలిక్కిపడతాది." తిమ్మక్కతో అంది, "రెండో పక్క గూడా ఇయ్యమ్మే. వానికి ఒక పక్క చాలదు. నీ సాళ్ళు నేను పట్టుకపోతా."

వెనక్కి పోయి తిమ్మక్క ఆపిన చోట కూర్చుని కొడవలి పట్టింది. కాసేపటికి లింగమ్మ వచ్చి అందులో ఒక సాలు తీసుకుంది. ఈరమ్మ సొంత సాళ్ళను పక్కనున్న సువార్తమ్మ, హనుమక్క చెరొకటి పట్టారు. తిమ్మక్క ఇద్దరు బిడ్డలనూ పడుకోబెట్టి పోయేసరికి మునుము గీత గీసినట్టు ఉంది. ఓబులప్ప ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు, ఒక కన్ను మూసి చూశాడు. బీడీ వెలిగించుకున్నాడు.

"సక్కంగానే ఉండాదిలే" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "రేపు తొందరగా రాండి."

తిమ్మక్కను ఇంటికి పొమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత

అదే పద్ధతిగా నిలిచింది. చెట్టు దగ్గర ఎవరు ఉంటే వాళ్ళు ఏడ్చే బిడ్డకు ఇస్తారు, వాళ్ళ సాళ్ళు తక్కినవాళ్ళు పట్టుకుపోతారు. ఇప్పటి డాక్టర్లు ఒకరి బిడ్డకు ఇంకొకరు పాలివ్వకూడదంటారు. వాళ్ళ మాట వినండి. మాకు ఆ రోజు అదే దారి.

ఈరమ్మకు ఇంట్లో గొడవ జరగకుండా లేదు. అత్త రెండు రోజులు అన్నం ముందు కూర్చుని సణిగింది. అయితే రేపటి నుంచి వాణ్ణి పొద్దుగూకేదాకా నువ్వు పట్టుకో అని ఈరమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టిందట. మూడో రోజు అత్తే చెట్టు దాకా వచ్చి దించిపోయింది. అంబలి కుండ మాత్రం ఈరమ్మకు వేరేగా ఇంకో రెండేళ్ళు ఉండింది. ఒక్క రోజులో లోకం మారిపోయిందని నేను రాయను.

చెన్నారెడ్డి చేను తీరాక పక్క చేను, దాని తర్వాత ఇంకో చేను. పని ఎటు పోతే మా ఉయ్యాలలు అటు పోయాయి. రైతులే వచ్చి మా చేనికి ఎప్పుడొస్తారని అడిగేవాళ్ళు. తల్లులు వారానికి ఒక దోసెడు రాగులు తెచ్చి కుండలో పోసేవాళ్ళు, లేనివాళ్ళు పోసేవాళ్ళు కాదు. ఎవరు పోశారో ఎవరు పోయలేదో చూడకుండా కుండను నేను చెట్టు వెనక పెట్టాను. ఇది మీకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పై అధికారుల సంగతి అడుగుతారు. ఒకాయన జీపులో వచ్చి గదికి తాళం చూసి మండిపడ్డాడు. చేనికి తీసుకుపోతే, గవర్నమెంటు గది ఇస్తే పిల్లలను చెట్టుకు వేలాడదీస్తారా అన్నాడు. చెడ్డవాడు కాదు. గోడ కనిపిస్తేనే పని జరిగినట్టు నమ్మే మనిషి. వసుంధర గారు మర్యాదగా ఆయనకు అంబలి పోసి ఇచ్చింది, మాట మాత్రం వినలేదు. కొన్నాళ్ళకు ఆమెను గుమ్మఘట్ట వైపు మార్చారు. పోతూ పోతూ నా పేరు రాసి ఇచ్చింది, నన్ను శిక్షణకు పంపారు, నేనే బాలవాడి టీచరునయ్యాను. ఆ తర్వాత చాలామంది పై అధికారులను చూశాను. వచ్చినప్పుడు తల్లిని ఒక్క ప్రశ్న అడిగేవాడు మంచి అధికారి. తక్కిన తేడాలు నాకు కనిపించలేదు.

ఇంకొకటి. ఇది కూలివాళ్ళ కోసం పెట్టిన పని అనుకోకండి. కొన్నేళ్ళకు చెన్నారెడ్డి కోడలు కవలలను కని, మంచం పట్టిన అత్తకు చాకిరీ చేయలేక, ఒక మధ్యాహ్నం పిల్లలిద్దరినీ తెచ్చి గోనెపట్టా మీద పెట్టి, చెట్టుకు ఆనుకుని కూర్చుని నిద్రపోయింది. లేపలేదు. పెద్దింటి కోడలికి కూడా చేతులు రెండే. అందరి బిడ్డలూ వస్తేనే పిల్లలబడి నిలుస్తుంది. లేనివాళ్ళ కోసం మాత్రమే అని పెట్టింది ఏదైనా, లేనివాళ్ళ కోసమే కదా అని తొందరగా మూసేస్తారు.

తిమ్మక్క ఆ ఏడు కలుపు మొత్తం చేసింది, కోతలూ చేసింది. బళ్ళారికి పోలేదు. మొగుడే తిరిగి వచ్చాడు. గంగ చంక ఖాళీ అయింది, బడికి పోయింది, నాకంటే అయిదు తరగతులు ఎక్కువ చదివింది.

నేను తృప్తిగానే ఉన్నాను. నడుము పోయింది, చెవి కొంచెం తక్కువ వినిపిస్తుంది. అయినా దారిలో ఎవరి బిడ్డ ఏడ్చినా ఆకలి ఏడుపో, నిద్ర ఏడుపో ఇప్పటికీ చెప్పగలను.

ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. మునుములో తిమ్మక్క, ఈరమ్మ, లింగమ్మ, సువార్తమ్మ, హనుమక్క, పెద్ద నాగమ్మ, మేరమ్మ. గట్టు మీద మేస్త్రి ఓబులప్ప. చెట్టు కింద వసుంధర గారు, నేను, అంటే సుందరమ్మ. గోనెపట్టా మీద గంగ, ఏసు, చిన్న ఓబులేసు, సువార్తమ్మ కూతురు దీనమ్మ. ఉయ్యాలల్లో రూతమ్మ, నాగరాజు, హనుమక్క కొడుకు తిప్పేస్వామి, మేరమ్మ బిడ్డ సంతోషమ్మ, ఇంకా పేరు పెట్టని లింగమ్మ కూతురు.